పూతవాన గట్టు దాటిన రాత్రి

నాకు మేఘాల పిచ్చి ఉంది. ఊరందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఇక్కడ దాచడం అనవసరం. అరకు బజారులో పైపులు, టార్పాలిన్లు, మోటారు సామాన్లు అమ్మే కొట్టు నాది. విజయనగరం పక్క నుంచి కొండెక్కి వచ్చిన మా నాన్న పెట్టిన కొట్టు అది. కొట్లో కూర్చుని బేరం చూసుకోవలసిన మనిషిని, ఒడిశా వైపు కొండల మీద కాస్త తెల్లగా ఏదైనా పైకి లేచిందంటే గల్లా వదిలేసి రోడ్డు మీదకి వచ్చేస్తాను. మెడ వెనక్కి విరిచి అలా నిలబడిపోతాను. మా ఆవిడ లోపలి నుంచి, "పెళ్ళి చూపుల్లో కూడా నన్నింత సేపు చూడలేదు" అంటుంది. నిజమే, అప్పుడు సిగ్గేసింది. మేఘం దగ్గర సిగ్గుపడాల్సిన పని లేదు.

నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారని ఫోన్లొచ్చాకే తెలిసింది. శ్రీకాకుళం నుంచి చింతూరు దాకా మేఘాలు చూసే వాళ్ళమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఒకాయన బడి పంతులు, ఇంకొకాయన రొయ్యల చెరువులాయన, ఒకావిడ నర్సు. పొద్దున్న లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునే ముందు రాడార్ బొమ్మ చూస్తాం. ఎండాకాలం ఉరుముల వాన ఎవరి ఊరి మీదైనా పడితే మిగతా వాళ్ళం కుళ్ళుకుంటాం. తప్పిపోతే, "మాకు మళ్ళీ ఎగ్గొట్టింది" అని ఏడుపు బొమ్మలు పెడతాం. ఇంట్లో కరెంటు పోయినా, పెంకులెగిరినా ముందు వీడియో, తర్వాతే ఇల్లు. ఇది మంచి అలవాటని నేను చెప్పను.

ఆ గ్రూపులో నాకు దగ్గరైన వాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఊళ్ళోనే ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు గారు. కొత్తవలస నుంచి కిరండూలు దాకా ఇనప రాయి మోసే బళ్ళ వెనకాల చివరి పెట్టెలో కూర్చుని నౌకరీ అంతా గడిపినాయన. సొరంగం సొరంగానికీ మధ్య ఆకాశం చూసి చూసి ఈ పిచ్చి పట్టిందని చెప్తారు. మాట తక్కువ, అనుమానం ఎక్కువ. రెండో మనిషి విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి. మెరుపుల ఫోటోలు తీస్తుంది. ఉరుముల వాన వచ్చే సూచన ఉందంటే సెలవు పెట్టి, పొద్దున్న రైలెక్కి, మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని వచ్చేస్తుంది. వాళ్ళింట్లో ఏం చెప్పి వస్తుందో మేం అడగం.

నేను చెప్పబోయేది ఏప్రిల్ మొదట్లో ఒక రోజు సంగతి. ఆ ఏడు మార్చి అంతా ఒక్క చినుకు లేదు. మా కొండల్లో ఆ నెలల్లో పడే వానకి పూతవాన అని పేరు. కాఫీ మొక్కల కొమ్మల కణుపుల్లో మొగ్గలు సజ్జ గింజల్లా కూర్చుని ఉంటాయి. ఒక్క మంచి వాన తగిలితే తొమ్మిది పది రోజులకి కొమ్మ కొమ్మంతా తెల్లగా విచ్చుకుంటుంది. వాన రాకపోతే మొగ్గలు ఎర్రబడి, నల్లబడి రాలిపోతాయి. అన్నిటికన్నా చెడ్డది కొంచెం వాన. నాలుగు చినుకులు పడి ఆగిపోతే మొగ్గకి మెలకువ వస్తుంది, కానీ విచ్చుకోవడానికి తడి చాలదు. సగం విచ్చుకుని అక్కడే మాడిపోతుంది. అలా చినుకులు పడితే ఒకటి రెండు రోజుల్లోనే తోట నిండా నీళ్ళు పట్టాలి, లేకపోతే ఆ ఏడు పంట లేనట్టే.

మా ఊరికి ఆరు మైళ్ళ దూరంలో ఒక కొండ పల్లె ఉంది. ఆ ఊరి మధ్య నుంచి పొడుగ్గా, ఎత్తుగా ఒక కొండ గట్టు పోతుంది. గట్టుకి ఇటు వైపు ఏడు తోటలు, అటు వైపు అయిదు. రెండు వైపులా రెండు గెడ్డలు, అంటే కొండ వాగులు, వాటికి ఇసక బస్తాలు అడ్డం వేసి కట్టిన మడుగులు. వాన రాని ఏడు మడుగులోంచి నీళ్ళు తోడి తోటల మీద జల్లుకోవడానికి ఊరందరికీ కలిపి ఒకే డీజిలింజను ఉంది. రోజుకొక తోట వంతు. ఇటు వైపు వంతులన్నీ అయ్యాక ఇంజను గట్టు దాటుతుంది. దాన్ని వెదురు బొంగుకి మోకులతో కట్టి నలుగురు మోస్తూ ఆ రాళ్ళ దారిలో ఎక్కించి దింపాలి, పూట పని. అందుకని ఊళ్ళో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గట్టు దాటిన ఇంజను అటు వైపు అయిదు తోటలూ తడిపాక గానీ వెనక్కి రాదు. మధ్యలో ఎవరడిగినా రాదు.

ఆ రోజు పొద్దున్న కొట్టు తెరుస్తుంటే ఆ ఊరి అప్ప వచ్చింది. నాకన్నా పదేళ్ళు పెద్దది, ఏళ్ళ తరబడి మా కొట్లోనే పైపులు కొంటుంది, నేను అప్పా అనే పిలుస్తాను. భర్త పోయాక ఒక్క తోట మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఇటు వైపు చివరి తోట ఆమెది, ఆ రోజే ఆమె వంతు. పైపు జాయింటు కారుతోందని వాషరు కోసం వచ్చింది. నేను వాషరు వెతుకుతుంటే ఆమె నా ఫోన్లో కదిలే రంగుల బొమ్మ కేసి చూస్తూ నిలబడింది.

"ఏటి సావుకారీ, రాత్రికి వాన వత్తాదా?" అంది.

"వస్తుందప్పా. మామూలు వాన కాదు, ఉరుముల వాన."

"నువ్వు టార్పాలిన్లు అమ్ముకోడానికి సెప్తన్నావో, నిజం సెప్తన్నావో."

"నాలుగు సార్లు చెప్పాను, నాలుగు సార్లూ పడింది కదా!" అని రోషంగా అన్నాను. అది నిజమే. ఆ నాలుగు సార్లే నా కళ్ళు నెత్తికెక్కడానికి కారణం. అంతకు ముందు ఎన్ని సార్లు తప్పానో ఊళ్ళో వాళ్ళు మర్చిపోయారు, నేను వాళ్ళకన్నా ముందే మర్చిపోయాను.

అప్పుడామె అసలు సంగతి చెప్పింది. గట్టుకి అటు వైపు మొదటి తోట ఒక తాతది. ఆయన తోటలో మొగ్గలు అప్పటికే ఎర్రబడ్డాయి. ఒక్క రోజు ముందు నీళ్ళు తగిలినా బతుకుతాయి. రాత్రికి వాన గట్టుకి ఇటు వైపు పడే పనైతే తన వంతు వదులుకుని ఇంజను ఈ మధ్యాహ్నమే అటు దాటించమంటుంది. ఇటు పడకపోతే మాత్రం ఇవ్వడం కుదరదు, ఇస్తే తన తోట పోతుంది. "మరి సూసి సెప్పు. ఇటా, అటా?" అంది.

ఇటా అటా అన్న ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండవలసింది. మేఘాలు చూసే వాళ్ళకి ఒక జబ్బుంది. వాన వస్తుందా అని అడిగితే, ఎన్నింటికి, ఏ వీధి మీద, ఏ మలుపు దాకా అని కూడా చెప్పాలనిపిస్తుంది. ఎదుటి మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంటే ఇక పట్టపగ్గాలుండవు. నేను ఫోను ఆమె ముందు పెట్టి వేలితో గీత గీశాను. గాలి వాయువ్యం నుంచి వస్తోందని, మేఘం ఒడిశా కొండల మీద పుట్టి ఇలా వస్తుందని, మీ గట్టుకి కొట్టుకుని ఇటు వైపంతా కురిసి, అటు దిగేసరికి చల్లబడిపోతుందని చెప్పాను. ఒక యాప్‌లో గొడుగు బొమ్మ, ఇంకో దాంట్లో ఎండ బొమ్మ ఉన్నాయన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎండ బొమ్మ వేసిన యాప్‌ని నేను ఎప్పుడూ లెక్కచేయను.

"ఇటే?" అంది మళ్ళీ.

"ఇటే. రాసిస్తాను కావాలంటే."

"రాతెందుకు, నీ మాట సాలు. ఆ తాతది కూడా బతుకుతాది పాపం. బేగి ఎల్లి ఇంజను దాటించీమంటాను." వాషరు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే చూస్తూ నేను ఎంత గర్వపడ్డానో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పది గంటల రైలుకి బ్యాంకు అమ్మాయి దిగింది. పన్నెండింటికి గార్డు గారు కొట్టుకి వచ్చారు. ఆకాశం నీలంగా, ఖాళీగా ఉంది. గాలి మాత్రం బరువుగా ఉంది, సముద్రం మీద నుంచి ఘాట్ ఎక్కి వచ్చిన తేమ గాలి. చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. ఆ తేమ మీదకి పడమటి నుంచి పొడి గాలి వచ్చి కలవాలి. కలుస్తుందా లేదా, కలిస్తే ఎక్కడ కలుస్తుంది అన్నదే ఆ రోజు అనుమానం. గ్రూపులో పొద్దుట్నుంచి ఇదే యుద్ధం. సగం మంది ఖాయమన్నారు, సగం మంది ఏమీ రాదన్నారు.

మాటల్లో నేను అప్పకి చెప్పిన జోస్యం సంగతి బయటపెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. గార్డు గారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

"గట్టుకి ఇటు పడుతుందని చెప్పారా?"

"గాలి వాలు చూస్తే అలాగే ఉంది కదండీ."

"బాబూ, నలభై ఏళ్ళు ఈ కొండల్లో తిరిగాను. ఇంజను తడిసేది, నేను కూర్చున్న వెనక పెట్టె తడిసేది కాదు. ఒకే బండి. అలాంటిది గట్టుకి ఇటు అటు మీరెలా చెప్పేశారు?"

నాకు కోపం వచ్చింది. ఆయన రైల్లో కూర్చున్నారు గానీ రాడార్ ముందు కూర్చోలేదు కదా అనుకున్నాను. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు. అప్పకి ఫోన్ చేద్దామని రెండు సార్లు అనుకున్నాను. ఇంజను ఇంకా దాటి ఉండదు, ఆపమని చెప్పవచ్చు. చెయ్యలేదు. చేస్తే, నాకు సరిగ్గా తెలియదని చెప్పుకోవాలి. ఆ మాట నోటికి రాలేదు.

రెండున్నరకి ఒడిశా కొండల మీద మొదటి బుడిపె లేచింది. అరగంటలో అది పెరిగిన తీరు చూసి గార్డు గారు కూడా లేచి రోడ్డు మీదకి వచ్చేశారు. ముందు పిండి ముద్దలా ఉంది, తర్వాత దాని భుజం మీంచి ఇంకోటి, దాని మీంచి ఇంకోటి, చూస్తుండగానే ఉడుకుతున్నట్టు పైకి పొంగింది. నాలుగున్నరకి దాని తల పైన దేనికో తగిలినట్టు ఆగి, రెండు వైపులా చదునుగా పరుచుకుంది. మా మీద ఇంకా ఎండ కాస్తూనే ఉంది. ఆ ఎండలో దాని అంచు ఎంత తెల్లగా ఉందంటే చూడటానికి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. లోపల ఎక్కడో, వినపడీ వినపడకుండా, ఒక్కసారి ఉరిమింది. ఎన్ని చూసినా ఆ మొదటి ఉరుముకి నా ఒళ్ళు జలదరిస్తుంది. దానికి మనం ఉన్నామనే తెలియదు. అది తెలిసి కూడా దాని ముందు నిలబడి ఉంటాం. ఆ సంతోషం ఎలాంటిదో నేను మా ఆవిడకి ఇప్పటిదాకా వివరించలేకపోయాను.

పిడుగులు పడే అవకాశం ఉందని, చెట్ల కింద ఉండవద్దని అందరి ఫోన్లకీ మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూసి ఊరంతా ఇళ్ళల్లోకి పోతుంది, మేం బయల్దేరుతాం. నా సామాను వ్యానులో ముగ్గురం ఎక్కి ఘాట్ రోడ్డు మీద మా మామూలు మలుపు దగ్గరకి వెళ్ళాం. అక్కడ రోడ్డు కాస్త వెడల్పుగా ఉంటుంది, పక్కన చెట్లు లేవు. ఎదురుగా లోయ, లోయకి అవతల అప్ప వాళ్ళ గట్టు, ఇటు వైపు వాలంతా కనిపిస్తుంది. వ్యాను తలుపులు మూసుకుని, అద్దాల్లోంచి చూడాలన్నది గార్డు గారి నియమం. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఆయన అంకెలు లెక్కపెడతారు, పదిహేనుకి తగ్గితే ఎవరూ కిందకి దిగకూడదు.

చీకటి పడేసరికి మేఘం సగం ఆకాశం కప్పేసింది. లోపల మెరుస్తోంది. ఒక మెరుపు ఆరకుండానే ఇంకో మూల వెలిగేది. వెలిగినప్పుడల్లా దాని లోపలి గదులు, గోడలు, మెట్లు కనిపించి మాయమయ్యేవి. అంత పెద్ద దాంట్లో అంత వెలుగు, మా దగ్గర ఆకు కదల్లేదు. చిమ్మటల రొద కూడా ఆగిపోయింది. బ్యాంకు అమ్మాయి కెమెరా మీద చెయ్యి పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చుంది. "భయమేస్తోందా?" అని అడిగాను. "వేస్తోందండీ, అందుకే వచ్చాను" అంది. నాకు కూడా వేస్తోందని ఒప్పుకున్నాను.

ఏడున్నర ప్రాంతంలో గాలి వచ్చింది. ఒక్కసారిగా, చల్లగా, తడి మట్టి వాసనతో. వ్యాను ఊగింది. రోడ్డు మీద ఎండుటాకులన్నీ లేచి మా అద్దాల మీద పడ్డాయి. ఎక్కడో వాన మొదలైందన్నమాట. అద్దం మీద నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. నేను స్టీరింగ్ మీద గుద్ది, "వచ్చేసింది, చెప్పానా!" అని అరిచాను.

ఆ నాలుగే. అయిదో చినుకు పడలేదు.

మేఘం అడుగు భాగం దక్షిణానికి ఒరిగింది. గట్టు కొసన లోయ సన్నబడే చోటు ఒకటుంది. దేన్నో వెతుక్కుంటూ వెళ్తున్నట్టు అటు జరిగి, ఆ కొసని చుట్టి, గట్టు వెనక్కి వెళ్ళింది. అక్కడ విరుచుకుపడింది. నా జీవితంలో నేను చూసిన ఉరుముల వానల్లో అంత గొప్పది లేదు. గట్టు నల్లగా, దాని వెనక భూమి నుంచి ఆకాశం దాకా వాన తెర, ఆ తెర వెనక నుంచి మెరుపులు. తెరంతా తెల్లగా వెలిగినప్పుడల్లా గట్టు మీద ఒక్కొక్క సిల్వర్ ఓక్ చెట్టు, ఒక్కొక్క మిరియాల తీగ విడివిడిగా కనిపించేవి. ఉరుములు కొండకీ కొండకీ తగిలి ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిందో తెలియకుండా దొర్లాయి. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎందుకంటే చెప్పలేను. ఇంత పెద్దది జరుగుతుంటే చూడటానికి నన్ను ఇక్కడ కూర్చోబెట్టారే అనిపించింది, అంతే.

"అడ్డం లేదు, చుక్క లేదు, ఎంత క్లియర్‌గా ఉందో చూడు! తియ్యి, తియ్యి!" అని ఆ అమ్మాయిని తొందరపెట్టాను. నేను కూడా ఫోన్లో వీడియో తీశాను. అందులో నా గొంతు వినిపిస్తుంది, చిన్న పిల్లాడు కేకలేసినట్టు. ముప్పావు గంట ముగ్గురం అలాగే ఉన్నాం. గార్డు గారు అంకెలు లెక్కపెట్టడం కూడా మర్చిపోయారు.

మెరుపులు దూరం జరిగాక ఆయనే ముందు నోరు విప్పారు. "మొత్తం అటే పడింది కదూ" అన్నారు. గట్టు కేసి వేలు చూపించి, "మరి ఆవిడ తోట?" అన్నారు.

ముప్పావు గంట సేపు నేను ఆ తోటనే చూస్తున్నాను. మెరుపు మెరుపుకీ ఒక్కొక్క చెట్టూ కనిపిస్తోందని సంబరపడ్డాను. మధ్యలో వాన లేదు కాబట్టే కనిపిస్తోందని నాకు తెలుసు, దాన్నే అదృష్టమనుకున్నాను. ఆ నాలుగు చినుకులు అక్కడ కూడా పడే ఉంటాయి. మొగ్గలకి మెలకువ రావడానికి అవి చాలు. ఇంజను గట్టుకి అవతల ఉంది, అయిదు రోజుల దాకా రాదు. అది అవతలికి పోయింది నా మాట మీద.

అప్పకి ఫోన్ చేశాను. సిగ్నల్ లేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఇప్పుడే వెళ్తానన్నాను. గార్డు గారు వ్యాను తాళం తీసుకుని జేబులో వేసుకున్నారు. "ఇంకా మెరుస్తోంది. గెడ్డ దాటాలి. మీరు పోయి ఆవిడకి ఇంకో పని పెట్టకండి" అన్నారు. ఆయన అన్నది న్యాయమే. బ్యాంకు అమ్మాయి తీసిన ఫోటోలు ఒక్కటి కూడా చూపించలేదు, నేను అడగలేదు.

మెరుపులు ఆగాక ఆయనే వ్యాను నడిపి మా ఇంటి ముందు ఆపి, తాళం తనతో తీసుకుపోయారు. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. గ్రూపులో అందరూ మా వీడియో అడుగుతున్నారు, ఆ రాత్రి మేమే రాజులం. నేను ఫోను బోర్లా పెట్టేశాను. ఆమెకి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఉన్నాను. క్షమించు అంటే ఆమెకి ఏం ఒరుగుతుంది? కొట్లో అమ్మకానికి ఒక చిన్న పెట్రోలు మోటారు ఉంది, అది పెద్ద తోటకి చాలదు, అయినా ఏమీ లేనిదానికన్నా నయం. తెల్లవారుజామున లేచి ఆ మోటారు, వంద అడుగుల పైపు కొట్టు బయటికి తెచ్చాను. అప్పటికే వచ్చి వ్యాను దగ్గర నిలబడ్డ గార్డు గారు తాళం చేతికిచ్చి, సామాను ఎక్కించాక తను కూడా ఎక్కి కూర్చున్నారు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, దానికి ఆయనకి రుణపడి ఉన్నాను.

వ్యాను రోడ్డు మీద ఆపి, మోటారు భుజానికెత్తుకుని గెడ్డ వారగా నడిచాం. దారిలో మట్టి పైపైన చుక్కలు చుక్కలుగా తడిసి ఉంది. బూటుతో గీరితే కింద పొడి మట్టి లేచింది. భయపడ్డట్టే అయింది. ఇంకో మలుపు తిరిగేసరికి చప్పుడు వినిపించింది. డుబ్ డుబ్ డుబ్ మని, డీజిలింజను చప్పుడు. గెడ్డలో నీళ్ళ చప్పుడు కొండకి తగిలి అలా వినిపిస్తోందేమో అనుకున్నాను. గార్డు గారు నా చెయ్యి పట్టుకుని ఆపి, చెవి ఒగ్గి విన్నారు.

మడుగు పక్కన ఇంజను ఆడుతోంది. పైపులోంచి నీళ్ళు పైకి లేచి, తోట మీద గొడుగులా తిరుగుతూ పడుతున్నాయి. అప్ప మోకాళ్ళ దాకా చీర ఎగదోపి పైపు జరుపుతోంది. చుట్టూ ఏడెనిమిది మంది మనుషులు, నిలువెల్లా బురద. ఒకాయన మోచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. వెదురు బొంగు, మోకులు రాయి మీద పడేసి ఉన్నాయి, వాటి నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళంతా గట్టుకి అటు వైపు వాళ్ళు.

అప్ప నన్ను చూసి, నా భుజం మీద మోటారు చూసి నవ్వింది. "ఏటి సావుకారీ, పొద్దున్నే యాపారమా?" అంది. తర్వాత దగ్గరకొచ్చి, ఒక కొమ్మ వంచి కణుపు చూపించింది. "మొగ్గ ఇంకా కదల్లేదు. పరవాలేదు, ఏళకి నీరందింది" అంది. రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, తప్పైపోయిందప్పా అన్నాను. ఆమె కొమ్మ వదిలేసి మళ్ళీ పైపు దగ్గరకి వెళ్ళింది. వానని నేనే పట్టుకొచ్చానని ఎప్పుడూ అనుకోనట్టే, తప్పిపోతే నన్ను అనాలని కూడా ఆమెకి తోచినట్టు లేదు.

అటు వైపు మొదటి తోట తాత రాయి మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటున్నాడు. ఆయన పక్కన కూర్చున్నాను. కట్టుబాటు ప్రకారం ఇంజను వెనక్కి రాకూడదు కదా అని అడిగాను.

"రాకూడదు. అయితే ఏటి? మా అయిదు తోటలూ మునిగిపోనాయి. మాకెందుకు అదింక?" అన్నాడు.

"ఇటు పడలేదని మీకెలా తెలిసింది? మీరు అవతల వానలో ఉన్నారు కదా."

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆయమ్మ వంతు నాకిచ్చీసింది గదా బాబూ. ఇటు పడిందో లేదో సూడాల గదా. వాన కొంచెం నిదానించగానే గట్టెక్కినాను. మెరుపు ఎలుతురుంది. ఆకుల కింద సెయ్యెట్టి సూసినాను, పొడి. ఎంటనే దిగిపోయి ఈళ్ళని లేపినాను. జారుడు దారి, తెల్లారిపోనాది వచ్చేసరికి." చుట్ట ఒకసారి పీల్చి, మామూలుగానే అడిగాడు. "రాత్రి మెరుపులో ఆ రోడ్డు మీద మీ బండి కనపడినాది, సూత్తన్నారు గదా. మీకు ఇంకా బాగా కనపడి ఉంతాది."

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. ఉంటే తట్టుకునేవాణ్ణి. ఒకే మెరుపు వెలుగులో ఆయన, నేను ఒకే తోటని చూశాం. ఆయన గట్టెక్కి ఆకుల కింద చెయ్యి పెట్టాడు. నేను వీడియో తీశాను. ముందు రోజు మేఘం తల నుంచి అంచు దాకా చూసి కూడా నాకు కలగని భయం, గౌరవం రెండూ ఆ బురద మనుషుల్ని చూస్తే కలిగాయి. కళ్ళెత్తి చూడలేకపోయాను.

"కనపడింది తాతా," అన్నాను.

"మరే," అని ఆయన లేచాడు. చుట్ట రాయికి నులిమి ఆర్పి చెవి మీద పెట్టుకుని, పై వరుస ఇంకా తడవలేదంటూ పైపు రెండో కొస నా చేతికిచ్చాడు. పట్టుకుని వాలు ఎక్కాను.